అరటితొక్క గీసిన గ్రాఫు

గ్యాస్ లైటర్ నొక్కగానే టక్కుమని నిప్పురవ్వ వస్తుంది కదా! లోపలున్న చిన్న ముక్కమీద దెబ్బపడితే విద్యుత్తు పుడుతుంది. పియర్, జాక్ క్యూరీ సోదరులు 1880లో గుర్తించిన గుణమిది. దీన్నే తిరగేస్తే? వోల్టేజీ ఇస్తే ఆ ముక్క సాగుతుంది, ముడుచుకుంటుంది.

ఆ కదలికను కొలిచేదే పీజోరెస్పాన్స్ ఫోర్స్ మైక్రోస్కోపు. సన్నటి సూదిమొన వస్తువును తాకుతూ తిరుగుతుంది. మొనగుండా వోల్టేజీ పంపితే కింది భాగం లేచి దిగుతుంది. ఎంతనుకున్నారు? కొన్ని పికోమీటర్లు. అంటే మీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని. పరమాణువుకన్నా తక్కువ! అందుకే మోసపోవడం తేలిక. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, పైన చేరిన విద్యుదావేశం సూదిని లాగినా తెరమీద అలాంటి బొమ్మే పడుతుంది.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ 2008లో ఓ చిలిపి పని చేశారు. అరటితొక్కకు వోల్టేజీ ఇచ్చి గ్రాఫు గీశారు. ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలవంటూ పత్రికల్లో అచ్చవుతున్న కొన్ని గ్రాఫుల్లాగే వచ్చింది! వోల్టేజీ తీసేసినా దిశను గుర్తుంచుకునేవి ఫెర్రోఎలక్ట్రిక్‌లు. మెమరీ చిప్‌లకు పనికొస్తాయి. అరటితొక్కకు ఆ జ్ఞాపకశక్తి ఎక్కడిది? అది మైక్రోస్కోపుతో చేసిన ప్రయోగం కాదుగానీ, చురక మాత్రం తగలాల్సినచోటే తగిలింది.

సూదికిందా అదే కథ. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ శాస్త్రవేత్తలు 2015లో, పరమాణువులు క్రమంలో లేని హాఫ్నియం ఆక్సైడ్ పొరను పరీక్షించారు. ఫెర్రోఎలక్ట్రిక్ కాకపోయినా అది అచ్చం అలాగే నటించింది. చిక్కేమిటంటే, సిలికాన్ కలిపి సరైన అమరికలో తయారుచేసిన హాఫ్నియం ఆక్సైడ్ నిజంగానే ఫెర్రోఎలక్ట్రిక్ అని 2011లోనే వెల్లడైంది. అసలుదీ నకిలీదీ ఒకే పేరుతో ఉంటే చిప్‌లు చేసేవాళ్లు దేన్ని నమ్మాలి?

పట్టుకునే దారులు లేకపోలేదు. ఎదురు దిశల్లో ఉన్న రెండు ప్రాంతాల్లో ఒకటి లేస్తుంటే రెండోది దిగాలి, ఊపు మాత్రం సమానంగా ఉండాలి. ఒకటి గట్టిగా, మరొకటి నీరసంగా ఊగుతోందంటే మధ్యలో ఆవేశం చెయ్యి పెట్టినట్టే. ఉపరితలం మీది గతుకులూ కదలికల బొమ్మా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా అనుమానించాల్సిందే. బిరుసైన సూది వాడితే ఆవేశం లాగుడు ప్రభావం తగ్గుతుంది. ఇవన్నీ అయ్యాక అన్నిటికన్నా చౌకైన పరీక్ష ఒకటుంది. అదే సూదికింద, అవే వోల్టేజీలతో మామూలు గాజుముక్కను పెట్టి చూడటం. గాజు కూడా అదే గ్రాఫు గీసిందంటే, ఆ పత్రాన్ని అచ్చుకు పంపకుండా ఆపాల్సిందే.