డెమో అదిరింది... గేమే ఆగింది!

‘విచర్‌ 3’ తీసిన స్టూడియో కదా, కళ్లు మూసుకుని కొనొచ్చు అనుకున్నారు గేమర్లు. 2020 డిసెంబరు 10న పోలండ్‌ సంస్థ సీడీ ప్రాజెక్ట్‌ రెడ్‌ ‘సైబర్‌పంక్‌ 2077’ విడుదల చేసింది. మంచి పీసీలో ఫర్వాలేదు. పాత పీఎస్‌4, ఎక్స్‌బాక్స్‌ వన్‌లలో మాత్రం బొమ్మ తడబడింది, గేమ్‌ మధ్యలోనే ఆగిపోయింది. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది పీసీ వెర్షన్‌ మాత్రమే! పది రోజులైనా కాకముందే సోనీ తన స్టోర్‌ నుంచి దాన్ని తీసేసింది.

బగ్స్‌ లేని సాఫ్ట్‌వేర్‌ ఉండదు, ఆ సంగతి మనకూ తెలుసు. పాత మెషీన్లలో ఎలా ఆడుతుందో కొనేవాళ్లకు ముందే చూపించకపోవడమే నాకు నచ్చలేదు.

ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వేసి, 2023లో 2.0 అప్‌డేట్‌తో గేమ్‌ని నిలబెట్టారు. సంతోషమే. పేరున్న సంస్థ కాబట్టి జనం దాదాపు మూడేళ్లు ఆగారు. ఫ్రెషర్‌కి ఇంటర్వ్యూలో అంత టైమ్‌ ఎవరిస్తారు?

అందుకే మీ ప్రాజెక్టుని మీ ల్యాప్‌టాప్‌లోనే కాదు, ఫ్రెండ్‌ దగ్గరున్న పాత ఫోన్‌లోనూ, నెట్‌ సరిగా రాని చోటా రన్‌ చేసి చూడండి. ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. ఇంటర్వ్యూలో వాళ్లు అడగకముందే ఆ మాట మీరే చెప్పండి. ఎలా సరిచేస్తారో కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది.