సైనిక వందనము

సెల్యూట్ అనబడు సైనిక వందనము దాస్యచిహ్నము కాదు. చిన్నవాడు ముందుగా వందనము చేయును. పెద్దవాడు తప్పక ప్రతివందనము చేయవలెను. ఆ గౌరవము అధికారి దేహమునకు గాక, రాష్ట్రపతి అతనికొసగిన అధికారమునకు చెందును. మర్యాద ఇరువైపులది గనుక, దానిని నేర్పు విధము కూడ మర్యాదగానే యుండవలెను.

చేవెళ్ళ నుండి మొయినాబాదు మీదుగా హైదరాబాదునకు పోవు బాట గోలకొండ సమీపమునకు చేరును. అచట ఫిరంగిదళ శిక్షణ కేంద్రము కలదు. ఈ ప్రాంతపు యువకుడు సైన్యమున చేరినచో, అరచేయి ఎదుటివారికి కనబడునట్లు వందనము చేయ నేర్చును. నౌకాదళమువారి అరచేయి నేలవైపు తిరిగియుండును. వైమానికదళమువారు 2006 నుండి అరచేతిని నేలకు 45 డిగ్రీల వాలుగా నిలుపుచున్నారు. ఇన్ని భేదములుండగా క్రొత్తవాడు పొరపడుట సహజము.

అయినను దిద్దక విడుచుట తగదు. నేడు ఉపేక్షించిన చిన్న తప్పు రేపు ఆజ్ఞాపాలనలో పెద్ద తప్పగును. పదిమంది యెదుట గద్దించినచో క్రొత్తవాడు బెదరును. ప్రక్కకు పిలిచి, చేసి చూపినచో నేర్చుకొనును. 1948లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్‌లో ఒక యేడు ముందుగా చేరిన విద్యార్థికిని ఇదియే ధర్మము. చిన్నవాని వందనమునకు ప్రతివందనము చేయనివానికి, వానిని దిద్దు అర్హత లేదు.