సంఘోత్సవమున ఇప్పసారా

ఫాల్గుణ చైత్రములలో మన బోథ్ ప్రాంతపు అడవులందు ఇప్పపూవు రాలును. తెల్లవారకమున్నే స్త్రీలును పిల్లలును గంపలతో పోయి యేరుకొనివచ్చి యెండబెట్టుదురు. ఆ పూవుతో కాచిన సారాను గోండులు దేవతలకు ధారవోయుదురు. పెండ్లికిని చావునకును బంధువుల కిత్తురు. ఆ యాచారమును మేము నిందింపము. అయితే సంఘ వార్షికోత్సవమునకు వచ్చిన వారికెల్ల ఇండ్లలో కాచిన సారా పోయింపవలెనని సభ్యులలో కొందఱు కోరుచున్నారు. దీనికి మేము సమ్మతింపజాలము.

“డబ్బు పుచ్చుకొనము గదా, తప్పేమి?” అని వారి ప్రశ్న. తెలంగాణమున నేటికిని అమలునందున్న 1968 నాటి ఎక్సైజు చట్టము అమ్మకమునే గాక కాచుటను, తరలించుటను, దగ్గఱ నుంచుకొనుటను గూడ లైసెన్సునకు లోబఱచినది. ఉచితమన్నంత మాత్రమున నేరము పోదు. ఉత్సవములకు ఎక్సైజు శాఖవారు ఈవెంటు పర్మిటు ఇత్తురు గాని, అది లైసెన్సుగల దుకాణమున కొన్న మద్యమునకే.

మఱికొందఱు 1996 నాటి పెసా చట్టమును చూపుదురు. షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును వాడుకను నిషేధించుటకో, నియంత్రించుటకో గ్రామసభకు అది యధికార మిప్పించుచున్న మాట నిజము. అది హద్దు పెట్టు నధికారము. లైసెన్సునకు బదులు కాదు.

ఇంక బీమా సంగతి. దీనిని రైతులు తలపెట్టుటయే లేదు. ఉత్సవమున త్రాగినవాడు రాత్రి మోటారుసైకిలుపై ఇంటికి పోవును. నూఱు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నచో బండి నడుపుట నేరము. అట్టివాని బండి విఱిగిన బీమా కంపెనీ నష్టమీయదు. ప్రమాదబీమా పత్రములలో పెక్కింట మత్తులో జరిగిన ప్రమాదమునకు సొమ్ము లేదని వ్రాసియే యుండును. సంతకము చేయునప్పుడు దానిని చదివినవా రెందఱు? దిక్కులేని యా కుటుంబము సంఘము గుమ్మమునకు వచ్చి నిలుచును. సారా పోసినవారము మనమే గదా! పైగా పదియిండ్ల కుండలను కలిపి పోసినచో ఏ కుండలో ఏమి పడినదో యెవరు చెప్పగలరు? ఇప్పసారా పేరిట నల్లబెల్లము, పటికలతో కాచిన గుడుంబా వచ్చి చేరదని పూచీ యెవరిది?

దుకాణపు సీసాకు పర్మిటు దొరకి, అడవిపూవు సారాకు దొరకకుండుట న్యాయమా యని యడిగినచో, కాదనియే మా యభిప్రాయము. మధ్యప్రదేశ ప్రభుత్వము 2022లో ఇప్పసారాను హెరిటేజు మద్యముగా ఆదివాసీ సంఘములు తయారుచేయుటకు దారి చూపినది. అట్టి యేర్పాటు మన జిల్లాకును కావలెనని విన్నపము పంపుదము. ముందుగా మేమే సంతకము చేయుదుము.

ఈ సంవత్సరపు ఉత్సవమునకు మాత్రము అంబలియు మజ్జిగయు చాలును. ఉట్నూరున ఆదివాసీ స్త్రీల సహకార సంఘము ఇప్పపూవుతో లడ్డూలు చేయుచున్నది. వానిని తెప్పించి పంచినచో పూవును పంక్తికి వచ్చును, సాటి సంఘమునకు గిరాకియు కలుగును. ఖర్చు లెక్క వేసి వచ్చు కార్యవర్గ సమావేశమున ముందుంచెదము.