చావు మాట ఇంటిలో ఎత్తవలెను

అనకాపల్లి



అవయవదానమునకు మనవారు వెనుకాడుటకు అజ్ఞానమే కారణమని సభలయందు తరచుగా వినుచున్నాము. కాని మా ఊర నేను చూచినంతవరకు దాని ప్రయోజన మెరుగని గృహస్థులు అరుదు. మూత్రపిండములు చెడిన పొరుగువాడు డయాలిసిస్ కొరకు వారము వారము విశాఖపట్నము పోయి, ప్రొద్దుగ్రుంకువేళకు వడలిన మొగముతో తిరిగివచ్చుట చూచి కంట తడి పెట్టినవారే, ప్రతిజ్ఞాపత్రము ముందుంచగానే “అలాంటి మాటలనకండి, తథాస్తు దేవతలుంటారు” అని చేయి వెనుకకు తీసికొందురు. దయ కొరవడి కాదు. వ్రాసిన అక్షరమే మృత్యువును పిలుచుకొని వచ్చునను భీతి. ఆ చేయియే జీవిత బీమా కాగితముపై నామినీ పేరు జంకులేక వ్రాయును; అదియు మరణమును తలచి వ్రాయు పత్రమే గదా!

ఈ భయమునకు మూల్యము చెల్లించునది పోయినవాడు కాదు, అతని ఆలుబిడ్డలు. రహదారి ప్రమాదమున మెదడు నశించి, యంత్రము ఊపిరి పోయుచుండగా, ఛాతీ ఎగసి పడుచు, పట్టుకొన్న చేయి ఇంకను వెచ్చగా నుండ, ఇతడు మరణించినాడని వైద్యుడు చెప్పిన ఏ తల్లి నమ్మగలదు? అవయవదానమును నడుపు జీవన్‌దాన్ సంస్థవారికి ఔననియో కాదనియో చెప్పవలసిన గడియయు అదియే. ప్రాణముండగానే కోయుదురేమోయను శంక అచ్చట పుట్టుట సహజము. అవయవములు మార్చు బృందమునకు చెందని నలుగురు వైద్యులు, ఆరు గంటల వ్యవధితో రెండు మారులు పరీక్షించి ధ్రువపరచినగాని మెదడు మరణము చెల్లదని నియమమున్నది. కాని ఆ దుఃఖవేళ అది ఎవరి చెవి కెక్కును?

కన్నులిచ్చిన మరుజన్మమున గ్రుడ్డివారమై పుట్టుదుమని మరికొందరు పెద్దలందురు. మా ఊరి చెంతనే శంకరమున బొజ్జన్నకొండయను బౌద్ధక్షేత్రము కలదు. ఆ బౌద్ధుల జాతకకథలలో అంధ బ్రాహ్మణునికి తన కన్నులొసగిన శిబిరాజు, ఆ దానమువలన అంధుడై పుట్టలేదు, పిదపటి జన్మములలో నొకదాన బుద్ధుడైనాడు.

కావున ఈ మాట ఆసుపత్రి వాకిట గాక, అందరును ఆరోగ్యముగా నున్నప్పుడు ఇంటిలోనే నడువవలెనని నా వాదము. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము దాత వ్రాతపూర్వక సమ్మతికి ఇద్దరు సాక్షులు కావలెను. అందొకరైనను దగ్గరి బంధువు కావలెను. ప్రతిజ్ఞలు సేకరించు సంఘములవారు పత్రములను సభలోనే నింపింపక ఇంటికిచ్చి పంపి, భార్యయో కుమారుడో చదివి సాక్షి సంతకము చేసిన పిదపనే తిరిగి గైకొనవలెనని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు