జంతికల డబ్బా మీద చిరునామా

సంక్రాంతి నెల పట్టిందంటే జొన్నాడలో మా పేట ఆడవాళ్లకు కామందుల ఇళ్లలో పని దొరికేది. ఇది దాదాపు యాభై ఏళ్ల కిందటి మాట. అరిసెలకు కావలసిన కొత్త వడ్లు దంచి, చెరిగి, బియ్యం చేసేది మా అమ్మ. సున్నుండలకు మినుములు బాగుచేసేది. కొబ్బరికాయలు వలిచేది, పొయ్యిలోకి కట్టెలు చీల్చేది. ఇవన్నీ పెరట్లో జరిగే పనులు. ఇంటావిడ బియ్యం నానబోసిన క్షణం నుంచి అక్కడ అమ్మకు పని ఉండేది కాదు. తడిబియ్యం దంచడానికి వేరే కులం ఆడవాళ్లు వచ్చేవారు. పాకం పట్టడం, అరిసెలు వత్తడం ఇంటివాళ్లే చేసుకొనేవారు. సాయంత్రం దొడ్డి గుమ్మం దగ్గర నిలబడితే, చాచిన కొంగులోకి నాలుగు అరిసెలు పైనుంచి జారవిడిచేవారు. ఇంట్లో పిల్లలం నలుగురం. అమ్మ అరిసె తినగా నేను చూసిన గుర్తు లేదు.

చిన్నప్పుడు నాకు అర్థం కాని సంగతి ఒక్కటే. అమ్మ చేతుల మీదుగా వచ్చిన బియ్యమే ఆ అరిసెల్లో ఉంది. ఆ బియ్యానికి అంటని మైల, నీళ్లు పోయగానే ఎక్కడి నుంచి వచ్చింది?

పెద్దయి చదువుకున్నాక తెలిసింది, అది ఒక ఇంటి ఆచారం కాదని. పొడి ధాన్యానికి అంటు లేదు, తడి తగిలిన పదార్థానికి ఉంది. నీళ్లతో ఉడికిన అన్నానికి కట్టుబాటు అన్నిటికన్నా గట్టిది. నేతిలోనో నూనెలోనో వేగినదానికి కొంత సడలింపు ఉంది. ఉత్తర భారతంలో ఈ రెంటినీ కచ్చా, పక్కా అని వేరుచేసి చెబుతారు. ఎవరి చేతి వంట ఎవరు తింటారు, ఎవరు తినరు అన్నదాన్ని బట్టి కులాల హెచ్చుతగ్గులను లెక్కగట్టిన సమాజశాస్త్రవేత్తలున్నారు. అయితే వేపుడుకు దొరికిన ఆ సడలింపు ఊళ్లోని కులాల మధ్యనే చెల్లింది. పేట చేతికి అది వర్తించలేదు. మా చేతి పిండి నూనెలో మునిగి తేలినా మైలగానే మిగిలింది.

ఈ నియమంలో శుచి కన్నా సౌకర్యం ఎక్కువ. ధాన్యానికి అంటు ఉందంటే పంట ఇంటికి చేరదు. కోసేవాళ్లు, మోసేవాళ్లు, నూర్చేవాళ్లు, దంచేవాళ్లు మేమే కాబట్టి వడ్లను అంటు నుంచి మినహాయించారు. వండే దశ రాగానే మినహాయింపు రద్దయింది. మహద్ చెరువు నీటి కోసం అంబేడ్కర్ 1927లో నడిచినా, 1985లో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన వివాదం ఆరుగురి హత్యకు దారితీసినా, కులం గీత గీసుకొన్నది నీళ్ల దగ్గరే. వంటింట్లోనూ అదే గీత.

పిండివంట నిల్వ ఉండడానికీ నీళ్లకూ సంబంధం ఉంది. జంతికను కాగిన నూనెలో వేయగానే పొంగే బుడగలు పిండిలోని తేమ ఆవిరైపోతున్నదనడానికి గుర్తు. బుడగలు తగ్గాయంటే వేగినట్టే. అరిసెలో బెల్లం పాకం మిగిలిన తేమను పట్టి ఉంచి బూజుకు దక్కనివ్వదు. అందుకే జంతిక, చెక్క, పాకుండ వారాల తరబడి నిలుస్తాయి. గారె మర్నాటికే పాడవుతుంది. వేడి ఆరకముందే డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి చెమ్మగా మారి సరుకంతా మెత్తబడుతుంది. ఇది వంటింటి శాస్త్రం. ఈ శాస్త్రం తడిచేతినే తప్పుపడుతుంది, ఆ చెయ్యి ఎవరిదని అడగదు.

అడిగేది బజారు. మా తమ్ముడి భార్య, పేటలోనే ఉన్న మరో ముగ్గురు ఆడవాళ్లు పొదుపు సంఘంలో అప్పు తీసుకొని కొన్నేళ్ల కిందట జంతికలు, పప్పుచెక్కలు, సున్నుండలు చేయడం మొదలుపెట్టారు. పిండిలో వాము, నువ్వులు, కాస్త వెన్న. కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచరు. పూర్తిగా చల్లారనిదే కవరులో వేయరు. ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, అప్పట్లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారానికి 100 రూపాయల రుసుముతో నమోదు చేయించుకొనే వీలుండేది. అదీ చేయించుకొన్నారు.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే రావులపాలెం. జాతీయ రహదారి వెంబడి పూతరేకులు, పిండివంటలు అమ్మే దుకాణాలున్నాయి. ఒక దుకాణదారు పది కిలోలు మచ్చుకు తీసుకొన్నాడు. వారంలో అమ్ముడుపోయాయి, మళ్లీ కావాలన్నాడు. కాకపోతే ఒక మాట అన్నాడు: "సరుకు బాగుందమ్మా. స్టిక్కరు మీద పేట పేరు మాత్రం తీసేయండి. జొన్నాడ అని వేస్తే చాలు." ఆయన దురుసుగా అనలేదు. స్టిక్కరు చదివి డబ్బా తిరిగి పెట్టేసినవాళ్లను చూశాడు కాబట్టి అన్నాడు. మా మరదలు ఇంటికొచ్చి, "ఏం చెయ్యమంటారండీ బావగారూ?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

తయారీదారు పేరు, పూర్తి చిరునామా ప్యాకెట్ మీద ఉండాలన్నది చట్టం. అది మంచి నిబంధన. సరుకు పాడైతే ఎవరిని అడగాలో కొన్నవారికి తెలియాలి. కానీ మన పల్లెల్లో చిరునామా అంటే ఇంటి నంబరు ఒక్కటే కాదు, కులం కూడా. ఊరికి ఏ దిక్కున, ఏ కాలువ గట్టు పక్కన పేట ఉందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. సరుకు పాడైతే నిలదీయడానికి పెట్టిన చిరునామా, సరుకు రుచి చూడకముందే తిరస్కరించడానికి పనికొస్తోంది. పేటల పేర్లు మారిస్తే పోతుందని కొందరంటారు. కులం పేర్లతో ఉన్న వాడలకు వేరే పేర్లు పెట్టాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో నిర్ణయించింది. స్వాగతించవలసిందే. అయితే మన అనుభవం ఏమిటి? ఎన్నో పేటలకు మనం అంబేడ్కర్ పేరు పెట్టుకొన్నాం. చివరికి ఆ పేరే కులం గుర్తయింది.

అదే బజారులో, అవే అరల్లో మరో రకం చిరునామాలు కనిపిస్తాయి. కులం పేరు, కులం తెలిపే ఇంటిపేరు, అగ్రహారం అన్న మాట డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చవుతాయి. అక్కడ అవి శుచికి పూచీకత్తు. నూనె ఎన్నిసార్లు కాచారో, పిండి ఎప్పుడు పట్టించారో ఎవరూ అడగరు. వారి కులం వారికి పెట్టుబడిలేని ప్రకటన. మా కులం మాకు, ఎన్ని నమోదు పత్రాలున్నా తీరని అప్పు.

ఇది నా ఊహ అని కొట్టిపారేయదలచినవారు 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే చూడవచ్చు. తమ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని అడిగారు. లేదన్నవారిని, ఎస్సీలు మీ వంటింట్లోకి వచ్చినా, మీ పాత్రలు వాడినా ఇబ్బందా అని మళ్లీ అడిగారు. ఏదో ఒక రూపంలో పాటిస్తామని దేశంలో 27 శాతం కుటుంబాలు ఒప్పుకొన్నాయి. ఇది ఒప్పుకొన్నవారి లెక్క. డబ్బా తిప్పి స్టిక్కరు చదివి వెనక్కి పెట్టేసేవారు ఏ సర్వేకూ అందరు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 15వ అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి అందరికీ ప్రవేశం కల్పించింది. 1955 చట్టం ఉల్లంఘనను నేరం చేసింది. ఇవన్నీ కొనుక్కోవడానికి వెళ్లిన దళితుడికి తలుపు తెరిచాయి. అమ్మడానికి కూర్చున్న దళిత స్త్రీ దగ్గర కొనమని ఏ చట్టమూ ఎవరినీ ఆదేశించలేదు, ఆదేశించలేదు కూడా. ఒక్క మధ్యాహ్న భోజనం విషయంలో మాత్రం సుప్రీంకోర్టు చేతి ప్రశ్నను నేరుగా పట్టించుకొంది. వంటవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. ఆ తర్వాత కూడా, 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడి పిల్లలు దళిత మహిళ వండిన భోజనం తినడానికి నిరాకరించారు. ఆ పిల్లలకు ఆ పాఠం బడిలో చెప్పింది కాదు.

నిల్వ అన్న మాటలోనే ఒక ఆస్తి ప్రశ్న ఉంది. పండగకు డబ్బాల నిండా పిండివంటలు చేయాలంటే బస్తా బియ్యం, డబ్బా నూనె, బెల్లం ఒకేసారి ఇంట్లో ఉండాలి. రేపటికి, ఎల్లుండికి, నెలకు సరిపడా మిగులు ఉన్న ఇంట్లోనే నిల్వ సాధ్యం. ఏ పూట కూలితో ఆ పూట నూకలు కొనుక్కొన్న ఇళ్లలో డబ్బా ఉన్నా అందులో పెట్టడానికేమీ లేదు. అలాగని మా వాళ్లకు నిల్వ విద్య తెలియదా? ఉప్పుచేప, ఎండురొయ్యలు, దండెం మీద ఎండబెట్టిన మాంసం తునకలు, ఎండేసిన తేగలు, తాటి తాండ్ర, ఇవన్నీ తేమను తరిమి తిండిని దాచుకొనే విద్యలే. జంతికకు నూనె చేసిన పనిని ఉప్పుచేపకు ఉప్పూ ఎండా చేశాయి. కానీ ఒకటి పెళ్లికూతురి సారెలోకి వెళ్లింది. రెండోదానికి మన భాష పెట్టిన పేరు నీచు. మరాఠ్వాడా మాంగ్, మహర్‌ల తిండి గురించి షాహూ పటోలే 2015లో మరాఠీలో రాసిన పుస్తకం 2024లో ఇంగ్లిషులోకి వచ్చింది. తెలుగు పేటల తిండి మీద అంతటి పుస్తకం రావలసి ఉంది. ఆ పని మన విద్యార్థులు చేయాలి.

రాజకీయ పాఠకులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు. భూమి, కూలి, ఉద్యోగం ఉండగా జంతికల గొడవేమిటని. సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని అంబేడ్కరే 1936లో 'కుల నిర్మూలన'లో స్పష్టం చేశారని గుర్తుచేస్తారు. నిజమే. కానీ నేను అడుగుతున్నది పంక్తిలో చోటు కాదు, బజారులో చోటు. కులం పనులను మాత్రమే విభజించలేదు, పనిచేసేవారినే విడదీసి అంతస్తులుగా నిలబెట్టిందని అదే గ్రంథంలో ఆయన వాదించారు. వడ్లు దంచే కూలీగా మా అమ్మకు అభ్యంతరం ఎదురు కాలేదు. తయారుచేసి, పేరు వేసి, ధర చెప్పి అమ్మే మనిషిగా మా మరదలికి ఎదురైంది. కూలి స్థానం నుంచి ఉత్పత్తిదారు స్థానానికి కదలగానే అడ్డుపడే గోడను చిన్న విషయం అనడం ఎలా?

ప్రభుత్వం చేయగలిగినవి ఉన్నాయి. 2020లో కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహార సంస్థల పథకం కింద పొదుపు సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం ఇచ్చే ఏర్పాటు చేశారు. పెట్టుబడి ఇచ్చి బజారుకు వదిలేస్తే ఆ డబ్బు అప్పుగానే మిగులుతుంది. సంక్షేమ హాస్టళ్ల చిరుతిండిని, ప్రభుత్వ కార్యక్రమాల్లో పంచే ఫలహారాన్ని ఈ సంఘాల దగ్గర కొనవచ్చు. ఊరి పేరుకు ఉన్న బలాన్ని అందరికీ పంచవచ్చు. ఇదే కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఒక ఇంటికో కులానికో కాదు, ఒక ప్రాంతపు నేర్పుకు. ఊరి పేరు అందరిదైతే అందులో పేటకూ వాటా ఉంది. పేటను దాచితేనే ఊరి పేరు వాడుకోనిస్తామనడం వాటా ఇవ్వడం కాదు.

హాస్టలు గదుల్లో ఇంటి నుంచి వచ్చిన డబ్బాలు తెరుచుకొనే వేళ విద్యార్థులు ఒకసారి గమనించాలి. ఎవరి డబ్బా చుట్టూ అందరూ చేరుతున్నారు, ఎవరు తమ డబ్బా పెట్టెలోంచి తీయడమే లేదు?

మా మరదలికి నేనిచ్చిన సలహా చివరికి అవసరపడలేదు. నలుగురూ కూర్చొని తామే తేల్చుకొన్నారు. స్టిక్కరు మీద పేట పేరు అలాగే ఉంచారు. దుకాణదారు కొనడం మానలేదు, సగానికి తగ్గించాడు. మిగతా సగానికి వాళ్లు బజార్లు వెతుక్కొంటున్నారు.

ఆ చిరునామాలో పేట, ఊరు, ఆలమూరు మండలం తర్వాత జిల్లా పేరు ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ సాగిన ఆందోళన ఆ మే 24న అమలాపురంలో హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. అయినా పేరు నిలిచింది. ఈ రోజు ఈ జిల్లాలో ఏ కులం వారు ఏ పిండివంట చేసి అమ్మినా, పూర్తి చిరునామా రాస్తే ఆ డబ్బా మీద డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు అచ్చవుతుంది. చివరి వరుసలో ఆ పేరును అంగీకరించిన కొనుగోలుదారు, మొదటి వరుసలోని పేటను చూసి డబ్బా ఎందుకు వెనక్కి పెడుతున్నాడో తనను తాను ప్రశ్నించుకోవాలి. పిండివంట కొనేటప్పుడు అడగవలసినవి రెండే: ఎప్పుడు చేశారు, ఏ నూనెలో వేయించారు. మూడో ప్రశ్న తిండికి సంబంధించినది కాదు.