యంత్రానికి ఎవరి భాష?

"సాంకేతిక విద్యకు వర్గం లేదు, యంత్రం ఎవరి పక్షమూ వహించదు" అని మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. మన మిత్రులు కొందరు సరిగ్గా ఎదురుమాట అంటున్నారు: "రోబోటు శ్రామికుని శత్రువు; దాని లోపలి సంగతులు మనకెందుకు?" ఈ రెండు వాదాలూ పైకి పోట్లాడుకుంటున్నా ఒక్కచోట చేతులు కలుపుతున్నాయి. యంత్రం లోపల ఏముందో చూడనక్కరలేదని రెండూ చెబుతున్నాయి. చూడాలని నేనంటాను.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నన్నీ విషయంలోకి దించింది నా దగ్గర ఇంటర్ చదివి, ఐ.టి.ఐ. చేసి, హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో టర్నరుగా చేరిన విద్యార్థి. అక్కడ లేతుకు ముక్కలు అందించడానికి ఒక రోబోటు చెయ్యి కొన్నారు. నేను వెళ్ళిననాడు దానిమీద టార్పాలిను కప్పి ఉంది. "చెడిపోయిందా?" అన్నాను. "లేదు సార్, ముక్క మారింది" అన్నాడు.

కీలకమంతా ఆ మాటలోనే ఉంది. పెద్ద కార్ఖానాలో ఒకే భాగం లక్షలకొద్దీ తయారవుతుంది. ఒకసారి రాసిన ప్రోగ్రాము ఏళ్ళు నడుస్తుంది. చిన్న కార్ఖానాలో ఈ వారం యాభై ముక్కల ఆర్డరు, వచ్చే వారం వేరే కొలతలతో ముప్పై. ముక్కను ఎక్కడ పట్టుకోవాలి, ఎంత ఎత్తు లేపాలి అన్న అంకెలన్నీ ప్రోగ్రాము పొట్టలో కలగాపులగంగా కుట్టేస్తే, ఒక్క అంకె మార్చాలన్నా అమ్మిన కంపెనీ ఇంజనీరు రావాలి. పాస్‌వర్డు కంపెనీది, ఖర్చు యజమానిది, చేతులు కట్టుకు నిలబడటం టర్నరుది.

ఇది విధిలిఖితం కాదు. పని వివరాలు ఒక అరలో, కదలికల క్రమం మరొక అరలో, ఆయా యంత్రాల ప్రత్యేకతలు వేరొక అరలో ఉంచి, అరకూ అరకూ మధ్య ఒప్పందాన్ని స్పష్టంగా రాస్తే, ఒకటి మారినప్పుడు మిగిలినవి చెదరవు. సాఫ్ట్‌వేరు శాస్త్రంలో ఇది పాత పాఠమే. మరి ఎందుకు ఆచరించరు? తెలియక కాదు.

చరిత్ర చూడండి. 1940ల చివర అమెరికాలో రెండు దారులుండేవి. నిపుణుడైన పనివాడు మొదటి ముక్క చేస్తుంటే ఆ కదలికలను టేపుకెక్కించి యంత్రం చేత తిరిగి చేయించడం ఒకటి. జనరల్ ఎలక్ట్రిక్ వారు దాన్ని తయారుచేశారు. కదలికలను గణితంగా మార్చి ఆఫీసులో రాయించడం రెండవది. వైమానిక దళం డబ్బుతో ఎం.ఐ.టి. దాన్ని 1952లో ప్రదర్శించింది. రెండవదే నెగ్గింది. సైన్యం అవసరాలతోపాటు, పనిమీద అదుపు పనివాని చేతిలోంచి ఆఫీసు గదికి పోవాలన్న యాజమాన్యపు కోరికా అందుకు కారణమని డేవిడ్ నోబుల్ 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' గ్రంథంలో వాదించాడు. యంత్రం పక్షం వహించదట!

నేడు ఫానుక్ రోబోటుకు కారెల్, కూకాకు కె.ఆర్.ఎల్., ఏబీబీకి ర్యాపిడ్: కంపెనీకొక భాష. ఒకటి నేర్చినవాడు మరొకదాని ముందు మూగవాడు. గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది దేనికి? పండితుల గుప్పిట్లోని చదువు సామాన్యుని నోటికి అందాలనే కదా! గ్రాంథికం ఓడిన నేలమీద, కార్ఖానాలో మరొక గ్రాంథికం గద్దెనెక్కుతుంటే చూస్తూ ఊరుకుందామా?

"టర్నరు చెయ్యి పెడితే ప్రమాదాలు జరుగుతాయి" అంటారు. వేగానికి హద్దులు, అత్యవసరంగా ఆపే ఏర్పాటు వేరే అరలో పెట్టి తాళం వేయండి, ఎవరూ కాదనరు. ముక్క కొలతకు కూడా అదే తాళం వేయడం భద్రత కాదు, గుత్తాధిపత్యం.

2007లో పుట్టిన రోస్, 2012లో దానినుండి పరిశ్రమలకోసం వచ్చిన రోస్ ఇండస్ట్రియల్ బహిరంగ సాఫ్ట్‌వేర్లు. వేరువేరు కంపెనీల రోబోట్లను ఒకే పద్ధతిలో నడపవచ్చునని అవి చూపాయి. అంతమాత్రాన విముక్తి వచ్చిందని నేను మురిసిపోను. అడుగున కంపెనీల కంట్రోలర్లు చాలావరకు మూసే ఉన్నాయి. మిగిలిన పనిగంటలు జీతంలోకి వస్తాయా, లాభంలోకి పోతాయా, టర్నరునే ఇంటికి పంపుతాయా అన్నది సాఫ్ట్‌వేరు తేల్చదు. కార్మిక సంఘం తేల్చాలి. కాని తాళంచెవి లేనివాడు బేరమాడలేడు.

అందుచేత ప్రజల సొమ్ముతో రాయితీ పొందిన ప్రతి రోబోటుతోనూ దాని ప్రోగ్రాము మూలపాఠమూ, దాన్ని మార్చుకునే హక్కూ రావాలి. ఐ.టి.ఐ.లలో మీట నొక్కడంతో ఆపక, ప్రోగ్రాము దిద్దడం నేర్పాలి. తెరమీద తెలుగు ఉండాలి.

నా విద్యార్థికి ఆ యంత్రమంటే ద్వేషం లేదు. "పాస్‌వర్డు ఇస్తే సాయంత్రానికల్లా నడిపిస్తా సార్" అన్నాడు. పక్షం లేని యంత్రాన్ని గురించి ఉపన్యసించిన పెద్దమనిషి ముందు ఈ ఒక్క వాక్యానికి జవాబు చెప్పాలి.