కొన్న జాబితా, కూడబెట్టిన జాబితా
లక్ష ఈమెయిల్ అడ్రసులు కారుచౌకగా ఇస్తామనేవాళ్లకు కొదవ లేదు, కొనేవాళ్లకూ లేదు. ఆ బేరంలో నష్టమెక్కడో తెలియాలంటే 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అమలుచేస్తున్న నిబంధనలు చూడాలి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారిపై స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే ఇన్‌బాక్సులో పడ్డ వెయ్యి మెయిళ్లకు ముగ్గురు చిరాకుపడి స్పామ్ బటన్ నొక్కితే చాలు. మనమెవరో తెలియని లక్షమందిలో చిరాకుపడేవాళ్లు మూడు వందల లోపే ఉంటారా? దెబ్బ ఆ ఒక్క ప్రచారంతో ఆగదు. డొమైన్ పరపతి పోయి, నిజమైన కస్టమర్‌కు పంపిన బిల్లు కూడా స్పామ్‌లోకి జారిపోవచ్చు. కొత్తగా పచ్చళ్లు అమ్మే వెబ్‌సైట్‌కు సొంతంగా జాబితా కూడబెట్టేంత ఓపిక ఎక్కడిది, అడిగి చేర్చుకుంటే నెలకు వందమందైనా రారు కదా అంటారు. నిజమే, రారు. కానీ ఆర్డరు పేజీలో ‘కొత్తావకాయ రాగానే కబురు చేయమంటారా?’ అని ఒక గడి పెట్టి, ముందే టిక్ కొట్టకుండా ఖాళీగా వదిలేస్తే, అందులో టిక్ పెట్టినవారు మెయిల్ కోసం ఎదురుచూసేవారే. అలాగని ఓపెన్ రేటు (మెయిల్ తెరిచినవారి శాతం) చూసి మురిసిపోనక్కర్లేదు: 2021లో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ఏర్పాటుతో, చదవని మెయిలు కూడా తెరిచినట్టే నమోదు కావచ్చు, అందుకే ఆర్డర్లు లెక్కపెట్టుకోవడం మేలు. ఇక, ఒక్క క్లిక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలుండాలన్న జీమెయిల్ నిబంధనకు గింజుకునేవారున్నారు. తప్పుకునే లింకు కనబడనివారు నొక్కేది స్పామ్ బటనే మరి.